టైముకి ఇచ్చాం, బడ్జెట్ దాటలేదు, నర్సులు మాత్రం నోటుబుక్కులోనే రాస్తున్నారు. ఈ ప్రాజెక్టు సక్సెస్ అయినట్టా, కానట్టా?

మంజీర_తీరం | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ విషయం ఆఫీసులో ఎవరితో మాట్లాడాలో తెలియక ఇక్కడ పెడుతున్నాను.

హైదరాబాద్‌లో ఒక మధ్యరకం కంపెనీలో ప్రాజెక్ట్ లీడ్‌గా చేస్తున్నాను. ఒక ప్రైవేటు ఆసుపత్రి వార్డుల్లో మందుల నమోదుకి సాఫ్ట్‌వేర్ చేశాం. ఏ పేషెంటుకి ఏ మందు ఎన్ని గంటలకి ఎవరు ఇచ్చారో నర్సు అప్పటికప్పుడు కంప్యూటర్లో ఎక్కించాలి. పధ్నాలుగు నెలల పని. అనుకున్న తేదీకి రెండు వారాల ముందే గో-లైవ్ అయ్యాం, అంటే వార్డుల్లో వాడకం మొదలైంది. యూఏటీ (వాడేవాళ్లతో చేయించే ఆఖరి పరీక్ష) సైన్-ఆఫ్ వచ్చింది, క్లయింటు మెచ్చుకుంటూ మెయిల్ పెట్టారు, ఆఫీసులో కేకు కోశాం. స్టేటస్ రిపోర్టు మొదటి వారం నుంచి చివరిదాకా గ్రీనే, అంటే అంతా సవ్యమే.

మూడు నెలల తర్వాత మా పిన్నిని అదే ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. రాత్రి తోడు పడుకున్నది నేనే. నర్సు వచ్చి ఇంజెక్షన్ చేసి, తన కౌంటర్ దగ్గరికి వెళ్లి ఒక పొడుగాటి నోటుబుక్కు తీసి రాసుకుంది. పెన్ను ఎవరూ పట్టుకుపోకుండా బ్యాండేజీ గుడ్డ చీల్చి పేలికతో బల్లకి కట్టారు. పక్కనే మేం పెట్టించిన మానిటర్ మీద లాగిన్ స్క్రీన్ వెలుగుతోంది. రాత్రంతా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. తెల్లారి ఆరున్నర దాటాక ఇద్దరు నర్సులు కూర్చుని, ఒకరు పుస్తకంలోంచి చదువుతుంటే ఇంకొకరు టకటకా ఎక్కించేశారు. రాత్రి పొడుగునా ఇచ్చిన మందులన్నీ అరగంటలో.

"ఇచ్చినప్పుడే ఎక్కించొచ్చు కదమ్మా" అన్నాను, నేనెవరో చెప్పకుండా. "ఒక్కో మందుకి తొమ్మిదిసార్లు నొక్కాలి సార్. మధ్యలో ఎవరైనా పిలిస్తే వెళ్లొచ్చేసరికి లాగౌట్ అయిపోయి ఉంటుంది, మళ్లీ మొదటికే. రాత్రి నలభై మందికి ఇద్దరమే ఉంటాం" అంది.

మూడు నిమిషాలకి లాగౌట్ కావాలన్నది సెక్యూరిటీ చెక్‌లిస్టులో ఉంది. పెట్టింది నా టీమే.

నెలనెలా మా నుంచి వెళ్లే రిపోర్టులో "సిస్టమ్‌లో నమోదైన డోసులు 100 శాతం" అని ఉంటుంది. ఆ అంకె తప్పు కాదు. కానీ నేను కళ్లారా చూసింది అందులో లేదు. ఆ రాత్రి నుంచి మనసు మనసులో లేదు. ఇలాంటి ప్రాజెక్టు గెలిచిందో ఓడిందో మీరు దేనితో కొలుస్తారు? అసలు ఎప్పుడు కొలుస్తారు?

పీఎంఓ_పదేళ్లు | సోమవారం, రాత్రి 11:15

మీ బాధ అర్థమైంది గానీ, రెండు వేర్వేరు లెక్కలు కలిపేస్తున్నారు. ప్రాజెక్టుకి ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. ఒప్పుకున్న పని, ఒప్పుకున్న తేదీకి, ఒప్పుకున్న డబ్బుతో ఇచ్చారా లేదా? ఇచ్చారు. అది సక్సెస్. నలభై మందికి ఇద్దరు నర్సుల్ని పెట్టడం ఆసుపత్రి నిర్ణయం, మీ స్కోపులో లేదు. వాడకానికి కూడా మనమే పూచీ పడాలంటే ఫిక్స్‌డ్ ప్రైస్ (ముందే ఖాయం చేసిన ధర) మీద ఎవరూ సంతకం పెట్టలేరు.

ఇంకో మాట. మా టీముల్లో తేదీ, బడ్జెట్ కూడా నిలబెట్టలేని వాళ్లను చాలామందిని చూశాను. మీరు నిలబెట్టారు, దాన్ని తక్కువ చేసుకోకండి.

వార్డు_నంబర్_4 | మంగళవారం, ఉదయం 5:50

నేను విజయవాడలో స్టాఫ్ నర్సుని. ఐటీ వాళ్ల చర్చలో మాట్లాడొచ్చో లేదో తెలీదు, డ్యూటీ మధ్యలో చదివి ఆగలేకపోయాను.

అన్నయ్యా, మీరు చూసింది ఒక్క మీ ఆసుపత్రిలోనే జరిగేది కాదు. కానీ అది ఎందుకు ప్రమాదమో మీ లెక్కలో రాలేదు. రాత్రి పదకొండుకి ఇచ్చిన మందు పొద్దున ఏడుకి సిస్టమ్‌లో పడితే, మధ్యలో రెండింటికి డ్యూటీ డాక్టరు వచ్చి స్క్రీన్ చూస్తే "ఇవ్వలేదు" అని కనబడుతుంది. పుస్తకం చూడకపోతే మళ్లీ ఇవ్వమంటారు. అది మామూలు గ్యాస్ మాత్ర అయితే ఫరవాలేదు. ఇన్సులిన్ అయితే? ఇన్సులిన్ రెండుసార్లు పడితే షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు.

కంప్యూటర్ రాకముందు అందరం ఆ పుస్తకమే చూసేవాళ్లం. ఇప్పుడు కొందరు పుస్తకం చూస్తారు, కొందరు స్క్రీన్ చూస్తారు. టెన్షన్ అంతా అక్కడే.

మంజీర_తీరం | మంగళవారం, ఉదయం 8:20

అమ్మా, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. ఇంతవరకు నేను దీన్ని "వాడటం లేదు" అనే సమస్యగానే చూశాను. పాత పద్ధతి కన్నా ప్రమాదం పెరిగి ఉండొచ్చన్న ఆలోచనే తట్టలేదు. ఎక్కడ ఏం తప్పు జరగొచ్చో రాసుకునే మా రిస్క్ రిజిస్టర్లో అరవై పైగా పాయింట్లు ఉన్నాయి, ఇది లేదు.

చదువుతున్నా_ఇంకా | మంగళవారం, ఉదయం 9:05

మా క్లాసులో స్టాండిష్ గ్రూప్ అనే సంస్థ ఐటీ ప్రాజెక్టుల గెలుపోటముల మీద వేసిన చావోస్ రిపోర్టు చెప్పారండీ. 1994లో 16.2 శాతం ప్రాజెక్టులే సక్సెస్. 52.7 శాతం ఆలస్యంగానో, ఎక్కువ ఖర్చుతోనో, తక్కువ ఫీచర్లతోనో పూర్తయ్యాయి. 31.1 శాతం మధ్యలోనే ఆపేశారు. ఆ లెక్కన మంజీర గారి ప్రాజెక్టు పైనున్న 16.2లో పడుతుంది కదా?

బగ్గుల_వేట | మంగళవారం, ఉదయం 10:30

పడుతుంది తమ్ముడూ, ఆ లెక్కలో లోపం కూడా అక్కడే ఉంది. చాలామంది ఆ అంకెలు స్లైడులో పెట్టి వదిలేస్తారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆ రిపోర్టులో సక్సెస్ అంటే మొదట వేసిన ఎస్టిమేట్‌తో పోలిక. తేదీ, డబ్బు, ఫీచర్లు మూడూ మొదటి మాటకి సరిపోవాలి. అంటే అది కొలుస్తున్నది అంచనా ఎంత సరిగ్గా వేశామన్నది. చేసిన పని ఎవరికి పనికొచ్చిందో అందులో ఎక్కడా లేదు. ఎవలీన్స్, వెర్హూఫ్ అనే ఇద్దరు డచ్ పరిశోధకులు 2010లో ఐఈఈఈ సాఫ్ట్‌వేర్ పత్రికలో ఇదే విప్పి చూపించారు. అదే నిర్వచనాన్ని తమ దగ్గరున్న నిజమైన ప్రాజెక్టుల లెక్కలకి పెట్టి చూస్తే, ఎస్టిమేట్ ముందే ఉబ్బించి వేసుకునే సంస్థకి మంచి మార్కులు వచ్చాయి. ఉన్నదున్నట్టు వేసినవాళ్లు వెనకబడ్డారు. ఆరు నెలల పనికి ఏడాది అడిగి పది నెలల్లో ఇస్తే శభాష్ అంటాం, అదే పనికి ఐదు నెలలని చెప్పి ఏడో నెలలో ఇచ్చినవాడిని తిడతాం.

సిడ్నీ ఒపేరా హౌస్ ఐటీ కాదు గానీ చూడు. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు అనుకున్నది 10.2 కోట్లు అయింది, పదేళ్లు ఆలస్యంగా 1973లో తెరిచారు. చావోస్ లెక్కలో అంతకన్నా ఘోరం ఉండదు. ఇవాళ ఆ దేశం పేరు చెబితే ముందు కళ్ల ముందుకొచ్చేది ఆ కట్టడమే.

మంజీర గారూ, మీకు పనికొచ్చే విషయం ఒకటి. మీ డేటాబేస్‌లో రెండు టైములు ఉండాలి: మందు ఇచ్చానని నర్సు రాసిన టైము, ఆ ఎంట్రీ సేవ్ అయిన టైము. రెండింటికీ మధ్య తేడా తీయండి. 100 శాతం అనే అంకె దాచింది ఆ తేడాలో బయటపడుతుంది.

పాత_రిజర్వేషన్ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

బాబూ, రిటైరై చాలా కాలమైంది. రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్ల మీద పనిచేసిన తరం మాది.

1986 నాటికి ఢిల్లీలో కంప్యూటర్ టికెట్ వచ్చేసింది. తర్వాత ముంబై, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్. ఒక్కో సెంటరు విడిగా చూస్తే ప్రతిదీ సక్సెసే. క్యూ తగ్గింది, చేత్తో నింపే చార్టులు పోయాయి. అయినా ప్రయాణికుడి కష్టం సగమే తీరింది. ఏ సెంటరు సిస్టమ్ దానిదే. వెళ్లే టికెట్టు చేతిలో ఉండేది, తిరుగు టికెట్టుకి మాత్రం గ్యారంటీ లేదు.

1994 సెప్టెంబరులో క్రిస్ (రైల్వేకి సాఫ్ట్‌వేర్ చేసే సంస్థ) వాళ్లు చేసిన కాన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌ని మొట్టమొదట పెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్‌కి ఐదు సెంటర్లూ కలిశాయి. ఆ తర్వాత సికింద్రాబాద్ కౌంటర్లో నిలబడిన మనిషి హౌరాలో ఎక్కి మద్రాసులో దిగే టికెట్టు కొనుక్కోగలిగాడు. మా వాళ్లలో ఆ రోజుల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: "ఎక్కడి నుంచి ఎక్కడికైనా, ఏ కౌంటర్ నుంచైనా ఇవ్వగలమా?" దానికి అవుననో కాదనో చెప్పాలి, శాతాలు చెప్పడానికి వీల్లేదు. లైన్లో నిలబడ్డ ముసలాయనకి కూడా అర్థమయ్యే ప్రశ్న.

మీ ఆసుపత్రికి అలాంటి ప్రశ్న ఒకటి వెతకండి. "రాత్రి రెండింటికి డాక్టరు స్క్రీన్ ఒక్కటే చూసి, పుస్తకం చూడకుండా మందు రాయగలడా?" పైన ఆ నర్సమ్మ చెప్పింది ఇదే అనుకుంటాను.

బ్రిస్బేన్_తెలుగు | మంగళవారం, సాయంత్రం 4:35

నేనుండే రాష్ట్రంలో జరిగింది చెబుతాను. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ప్రభుత్వ ఆరోగ్య శాఖ, క్వీన్స్‌లాండ్ హెల్త్ వాళ్ల జీతాల సిస్టమ్. 2010 మార్చిలో గో-లైవ్ చేశారు. డెబ్బై వేల మందికి పైగా ఆరోగ్య సిబ్బంది. కొందరికి జీతం తక్కువ పడింది, కొందరికి ఎక్కువ, కొందరికి అసలు పడలేదు. 62 లక్షల డాలర్ల దగ్గర మొదలైన ఒప్పందం. దాన్ని సరిదిద్దుతూ నడపడానికి అయ్యే మొత్తం ఖర్చు 120 కోట్ల డాలర్లని తేల్చారు. 2013లో విచారణ కమిషన్ రిపోర్టు ఇచ్చింది.

ఈ చర్చకి పనికొచ్చే ముక్క అందులో ఒకటుంది. గో-లైవ్‌కి ముందు ఫలానా తీవ్రత ఉన్న బగ్గులు ఉండకూడదని నియమం పెట్టుకున్నారు. చాలా ఉన్నాయి. అప్పుడు బగ్గులు సరిచేయడం బదులు వాటి తీవ్రతని కిందికి మార్చి, గేటు దాటించారు. కాగితం మీద నియమం నిలబడింది. జీతం పడని నర్సులు ఇంటి అద్దె కట్టలేకపోయారు.

పీఎంఓ గారూ, మీ మాటని కొట్టిపారేయడం లేదు. తేదీ, డబ్బు చూడాల్సిందే. కానీ ఆ తేదీ మీదే అందరి బోనస్ ఆధారపడితే, లోపల పనిచేసేవాళ్ల చేతులు తెలియకుండానే అంకెని దిద్దడం మొదలుపెడతాయి.

పలాస_జీడి | మంగళవారం, రాత్రి 7:20

మాది పలాస వైపు. మా అమ్మమ్మ ఇరవై ఏళ్లు జీడిపిక్కలు కొట్టింది. ఆ తొక్కలోని నూనె చర్మాన్ని తినేస్తుంది. ఆవిడ వేళ్లు అద్దంలా నున్నగా ఉంటాయి, గీత ఒక్కటి కనబడదు. రేషన్ డిపోలో వేలిముద్ర మిషన్ పెట్టిన కొత్తలో బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు, కొంగుకి తుడుచుకుని మళ్లీ. పడేది కాదు. వెనక జనం విసుక్కునేవారు. రెండు నెలలు చూసి ఇక వెళ్లడం మానేసింది. తర్వాత వీఆర్వో వేలిముద్రతో ఇచ్చే ఏర్పాటు వచ్చిందని తెలిసి మేమే తీసుకెళ్లాం.

ఈ రెండు నెలలు ఆవిడ ఏ లెక్కలో ఉంది? మిషన్ దగ్గరికి వస్తేనే కదా ఫెయిలైనట్టు రికార్డయ్యేది. రావడం మానేసిన మనిషి ఫెయిల్యూర్‌లో కూడా పడదు. పైగా తీసుకోని బియ్యం "ఆదా" కింద చూపించే వీలుంది. నేను కూడా డేటా పనే చేస్తాను. డాష్‌బోర్డు ముందు కూర్చున్నప్పుడల్లా, ఇందులో లేనివాళ్లు ఎవరని ఒకసారి చూస్తాను. అది మా అమ్మమ్మ వల్ల వచ్చిన అలవాటు.

దస్తావేజు | మంగళవారం, రాత్రి 9:00

మన దగ్గరి పాత ఉదాహరణ ఒకటి. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ ఆఫీసుల పనిని కంప్యూటర్లోకి మార్చే కార్డ్ ప్రాజెక్టు వచ్చింది. అంతకుముందు ఈసీ (ఆస్తి మీద ఏ లావాదేవీలు, అప్పులు ఉన్నాయో చూపే పత్రం) కావాలంటే పెద్ద పెద్ద వాల్యూములు తిరగేసి చేత్తో వెతకాలి, రోజులు పట్టేది. అది నిమిషాల్లోకి వచ్చింది. ఈ-గవర్నెన్స్ అంటే దేశమంతా మనల్ని చూపించేవారు.

2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో దీని మీదే వ్యాసం రాశాడు. కంప్యూటర్లు వచ్చినా దస్తావేజు లేఖరుల మధ్యవర్తిత్వం, పై డబ్బులు పోలేదని ఆయన తేల్చింది. ప్రాజెక్టు పెట్టుకున్న లక్ష్యాల్లో పారదర్శకత కూడా ఉంది మరి. నిమిషాలు కొలిస్తే గెలుపు, రైతు జేబులోంచి పోయింది కొలిస్తే కథ వేరు. నా మట్టుకు ఇందులో రెండూ నిజమే. ఈసీ త్వరగా రావడం చిన్న విషయం కాదు, పెళ్లికో వైద్యానికో పొలం అమ్ముకునేవాడికి ఆ రోజులు చాలా విలువైనవి. గెలుపు, ఓటమి అని ఒకే ముద్ర వేయమంటే నేను వేయలేను.

పీఎంఓ_పదేళ్లు | మంగళవారం, రాత్రి 10:25

అందరివీ చదివాను. నేనన్న దాంట్లో కొంత వెనక్కి తీసుకుంటాను, కొంత తీసుకోను.

తీసుకునేది: గో-లైవ్ రోజునే ఫైలు మూసేయడం తప్పు. ఒప్పందంలోనే తొంభై రోజుల తర్వాత ఒక కొలత పెట్టి, చివరి వాయిదాలో కొంత భాగం దానికి కట్టాలి. కానీ అలా కట్టాలంటే పని మొదలుపెట్టక ముందే పాత పద్ధతిని కొలిచి పెట్టుకోవాలి. మంజీర గారూ, సాఫ్ట్‌వేర్ రాకముందు డోసు ఇచ్చాక పుస్తకంలో రాయడానికి ఎంతసేపు పట్టేది? మీ దగ్గర ఉందా?

తీసుకోనిది: నర్సుల సంఖ్య మన చేతిలో లేదు. దాని మీద ఆధారపడిన కొలతకి ఒక్క వెండర్నే బాధ్యుణ్ని చేస్తే, రేపు ఎస్టిమేట్లు ఇంకా ఉబ్బుతాయి. బగ్గుల_వేట గారు చెప్పిన రోగమే ఇంకో దారిలో వస్తుంది.

మంజీర_తీరం | బుధవారం, రాత్రి 11:05

లేదండీ, కొలవలేదు. "పాత పద్ధతి: మాన్యువల్" అని ఒక్క లైను రాసి వదిలేశాం. ఇప్పుడు వెనక్కి వెళ్లి కొలిచే దారి కూడా లేదు.

ఇవాళ రెండు టైముల మధ్య తేడా తీశాను. మొదటి స్క్రీన్ చూడగానే చేతులు చల్లబడ్డాయి. రాత్రి షిఫ్టు ఎంట్రీల్లో మూడొంతులకి పైగా షిఫ్టు ఆఖరి నలభై నిమిషాల్లో సేవ్ అయినవే. పగలు కాస్త నయం. ఐసీయూలో మాత్రం దాదాపు అన్నీ వెంటనే పడుతున్నాయి. అక్కడ ఒక్కో నర్సుకి ఒకరిద్దరు పేషెంట్లే, స్క్రీను మంచం పక్కనే. మా డెమోలూ, యూఏటీ అన్నీ ఐసీయూ వాళ్లతోనే చేశామని అప్పుడు గుర్తొచ్చింది. పగటిపూట, ఖాళీగా ఉన్నవాళ్లని కూర్చోబెట్టి చేశాం.

రేపు ఈ గ్రాఫు ఆసుపత్రి మేనేజ్‌మెంట్‌కి చూపిద్దామనుకుంటున్నాను.

వార్డు_నంబర్_4 | గురువారం, ఉదయం 6:10

అన్నయ్యా, ఆగండి. ఎవరి లాగిన్‌తో ఎంత లేటుగా పడిందో అందులో ఉందా? ఉంటే మీరు చూపించిన సాయంత్రమే ఆ పిల్లలకి మెమోలు వస్తాయి. తర్వాత ఏమవుతుందో చెప్పనా, ఏడింటికి ఎక్కించేటప్పుడు ఇచ్చిన టైము కూడా ఆరు యాభై అని మార్చేస్తారు. మీ తేడా సున్నా అయిపోతుంది. ఉద్యోగం పోతుందనే భయం ఉన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు. ఇప్పటికి కనీసం ఇచ్చిన టైమన్నా నిజంగా రాస్తున్నారు, దాన్ని పోగొట్టకండి.

బగ్గుల_వేట | గురువారం, ఉదయం 7:45

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. నాకు ముందే తట్టాల్సింది, క్షమించండి. మంజీర గారూ, పేర్లు తీసేయండి. వార్డువారీగా, షిఫ్టువారీగా మాత్రమే చూపించండి. పక్కన ఒక్కో ఎంట్రీకి తొమ్మిది నొక్కులు, మూడు నిమిషాల లాగౌట్, నర్సుకి ఎంతమంది పేషెంట్లు అన్నవి పెట్టండి. తప్పు స్క్రీనులో ఉందని చూసేవాళ్లకి కనబడాలి.

మంజీర_తీరం | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:30

ఇన్నాళ్లు రాయలేకపోయాను. పేర్లు లేకుండా చూపించాను. ముందు మా మేనేజరుకి చూపిస్తే, "క్లోజైన ప్రాజెక్టు, మనమే ఎందుకు తవ్వుకోవడం" అన్నారు. ఇన్సులిన్ సంగతి చెప్పాక ఇంకేం మాట్లాడలేదు, నాతో పాటు ఆయనా వచ్చారు.

ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్ గారు గ్రాఫు చూసి, "ఇది మాకు తెలుసు. మమ్మల్ని ఎవరూ అడగలేదు" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

రెండు వార్డుల్లో మార్పు మొదలుపెట్టాం. అలవాటైన మందులకి తొమ్మిది నొక్కులు మూడయ్యాయి. లాగౌట్ అలాగే ఉంది, కానీ ఐడీ కార్డు తాకిస్తే ఆగిన చోటే తెరుచుకుంటుంది. ఈసారి టెస్టింగ్ రాత్రి షిఫ్టులోనే చేశాం, నేనూ ఇంకో అబ్బాయీ మూడు రాత్రులు అక్కడే కూర్చున్నాం. మార్పుకి ముందు రెండు వారాలు పాత తేడాని కొలిచి పెట్టుకున్నాం. నెలనెలా రిపోర్టులో 100 శాతం లైను తీసేసి, డోసు ఇచ్చిన పదిహేను నిమిషాల్లోపు పడినవెన్ని అన్నది పెట్టాం. రిపోర్టు ఇప్పుడు ఎర్రగా ఉంది. మొదటి వార్డులో సగానికి దగ్గరగా వచ్చింది, రెండోదాంట్లో పెద్దగా కదల్లేదు. ఎందుకో ఇంకా తెలియలేదు. వైఫై అక్కడ సరిగా అందడం లేదని అనుమానం, రేపు చూడాలి.

నోటుబుక్కులు తీసేయించమంటారా అని ఆసుపత్రి వాళ్లు అడుగుతున్నారు.

వార్డు_నంబర్_4 | ఆదివారం, రాత్రి 8:15

వద్దన్నయ్యా, ఇప్పుడే తీయించకండి. నెట్ పోయిన రాత్రి మాకు అదే దిక్కు.

మంజీర_తీరం | ఆదివారం, రాత్రి 8:40

సరేనమ్మా, ఉంచమనే చెబుతాను. రోజూ ఆ పుస్తకంలో ఎన్ని లైన్లు రాశారో కూడా లెక్కపెట్టమని అబ్బాయికి చెప్పాను. నిన్న రాత్రి మొదటి వార్డులో పదకొండు.